పోడు పట్టానా, ఊరుమ్మడి అడవి హక్కా: గూడేనికి ఏది మేలు?

తొలకరి పడగానే పోడు రైతు ఇంట్లో రెండు ఆలోచనలు మొదలవుతాయి. విత్తనం ఎప్పుడు వేద్దామన్నది ఒకటి. వేశాక ఫారెస్టు వాళ్లొచ్చి కందకం తవ్వితే ఏం చేద్దామన్నది రెండోది. చేతిలో పట్టా ఉంటే ఆ రెండో దిగులు తగ్గుతుంది. అందుకే అటవీ హక్కుల చట్టం మాట ఎత్తగానే ఏజెన్సీలో మొదట వినిపించేది పట్టా సంగతే. అది న్యాయమైన కోరిక. అయితే అదే చట్టంలో గూడెం మొత్తానికీ కలిపి ఇంకో హక్కు ఉంది. తరతరాలుగా వాడుకుంటున్న అడవిని ఊరే కాపాడుకుని, ఊరే నడుపుకునే హక్కు అది. ఈ రెండూ కాక, అంతకుముందు నుంచే వన సంరక్షణ సమితి, అదే వీఎస్‌ఎస్, ఒకటుంది. మూడూ ఒకటే అనుకుని మోసపోయిన ఊళ్లు ఉన్నాయి కాబట్టి విడివిడిగా చూద్దాం.

ముందు వీఎస్‌ఎస్. ఉమ్మడి అటవీ యాజమాన్యం పేరుతో ఉమ్మడి రాష్ట్రంలో ఇది 1992లో మొదలైంది. మొక్కలు నాటే పని దొరికింది, కూలి వచ్చింది, కొన్నిచోట్ల నరికేసిన కొండలు మళ్లీ పచ్చబడ్డాయి. అవన్నీ నిజమే. కానీ ఇది జీవోతో వచ్చింది. ప్రణాళికను ఆమోదించేది అటవీ శాఖే. జీవోతో వచ్చింది జీవోతోనే పోగలదు. దీన్ని హక్కు అనలేం, శాఖతో కలిసి చేసే పని అనాలి. అటవీ హక్కుల చట్టం వచ్చిన తొలినాళ్లలో మన దగ్గర సామూహిక హక్కు పత్రాలను వీఎస్‌ఎస్‌ల పేరు మీదే ఇచ్చారు. అది చట్టం ఉద్దేశానికే విరుద్ధం, ఎందుకంటే హక్కు ఉండాల్సింది గ్రామసభకు. మీ ఊరికి ఇప్పటికే సామూహిక పత్రం ఉందని ఎవరైనా చెబితే, ఎవరి పేరు మీద ఉందో ఒకసారి తీసి చూడండి.

ఇక అసలు పోటీ మిగతా రెండిటి మధ్య.

వ్యక్తిగత హక్కు 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి వర్తిస్తుంది. కుటుంబానికి గరిష్ఠంగా 4 హెక్టార్లు, అంటే దాదాపు పదెకరాలు. భార్యాభర్తలిద్దరి పేరూ పట్టాలో ఉండాలి. ఈ ఒక్క నిబంధన ఎంతోమంది ఆడవాళ్లకు తొలిసారి భూమి కాగితం మీద చోటిచ్చింది. పిల్లలకు సంక్రమిస్తుంది, అమ్మడానికి వీల్లేదు. అమ్మకూడదనడాన్ని లోపంగా చెప్పేవాళ్లున్నారు. నేనలా అనుకోను. షావుకారు అప్పుకింద ఏజెన్సీ భూములు ఎలా చేతులు మారాయో తెలిసినవాళ్లకు ఆ నిబంధన విలువ తెలుసు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం తేవాల్సి వచ్చింది కూడా అందుకే కదా. తెలంగాణలో 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు, రైతుబంధు కూడా వర్తింపజేశారు. ప్రాజెక్టు కింద భూమి పోయినా, 2013 భూసేకరణ చట్టం ఈ పట్టాదారును భూ యజమానిగానే లెక్కలోకి తీసుకుంటుంది. నిర్వాసితుల గోడు విన్నవాళ్లకు ఇదెంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు.

మరి లోటెక్కడ? ఆ తేదీలోనే. 2005లో పదేళ్ల పిల్లాడికి ఇప్పుడు సొంత కుటుంబం ఉంది. వాడికి కొత్త పట్టా రాదు, నాన్న పట్టాలోనే అన్నదమ్ములతో పంచుకోవాలి. అయిదెకరాలు దున్నుతుంటే కాగితంలో రెండెకరాలే పడిందన్న మాట చాలాచోట్ల వింటాం. పైగా పట్టా చేను గట్టు దగ్గర ఆగిపోతుంది. చేనికి నీళ్లొచ్చే ఊట పైన అడవిలో ఉంటుంది. పశువులు మేసేది, చింతపండు, కుంకుళ్లు, అడ్డాకు, తునికాకు, ఇప్పపువ్వు తెచ్చుకునేదీ అక్కడే. పంట పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేవి అవే. వాటిమీద పట్టా ఏమీ మాట్లాడదు.

సామూహిక అటవీ వనరుల హక్కు సరిగ్గా అక్కడ మొదలవుతుంది. భూమిలేని ఇల్లు, ఒంటరి ఆడమనిషి, 2005 తర్వాత పెళ్లయిన జంట, అందరూ ఇందులో ఉంటారు. దీనికి నాలుగు హెక్టార్ల పరిమితి లేదు. ఊరు సంప్రదాయంగా వాడుకున్న హద్దు ఎంతవరకు ఉంటే అంతా అడగొచ్చు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖ అనే గోండు ఊరు 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై ఈ హక్కు సంపాదించింది. కానీ అక్కడితో అయిపోలేదు. వెదురు కొట్టుకోవచ్చన్నారు గానీ రవాణా పర్మిట్టును అటవీ శాఖ తన చేతుల్లోనే ఉంచుకుంది. రెండేళ్ల పోరాటం తర్వాత 2011 ఏప్రిల్‌లో ఆ పర్మిట్ల పుస్తకం గ్రామసభ చేతికొచ్చింది. అప్పటినుంచి ఊరే వెదురు అమ్ముకుంటోంది. మన గూడేలు ఈ కథలో చూడాల్సింది ఆ రెండేళ్లను. పత్రం ఒక్కటే చాలదు, రాసివ్వాల్సిన పర్మిట్టు కూడా చేతికి రావాలి.

ఒడిశాలోని నియమగిరి సంగతి ఇంకొకటి. బాక్సైటు గని కోసం కొండ అడిగినప్పుడు, 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తేల్చాల్సింది గ్రామసభలే అంది. ఆ ఏడే 12 ఊళ్ల సభలు కూర్చుని, పన్నెండూ వద్దన్నాయి. ఎవరి చేను వాళ్లు చూసుకుంటూ ఉంటే కొండ గురించి అంత గట్టిగా అడిగే గొంతు ఉండేదా?

ఈ హక్కుతో కష్టాలూ ఉన్నాయి, దాచను. చేతికి వెంటనే డబ్బు రాదు. పక్క గూడెంతో హద్దు పేచీ వస్తుంది. తునికాకు సొంతంగా కల్లం పెట్టి కొనాలంటే కాంట్రాక్టరు డబ్బిచ్చేదాకా కోసినవాళ్లకు కూలి ఎక్కడినుంచి ఇవ్వాలి? నలుగురు పెద్దమనుషులే సభ నడిపితే మిగతా ఊరికి ఒరిగేదేమీ ఉండదు.

అయినా నా మాట అడిగితే, చుట్టూ అడవి మిగిలి ఉన్న గూడెం ముందు సామూహిక హక్కుకే బలం పెట్టాలి. మైదానం అంచున, పోడు తప్ప ఇంకేమీ మిగలని ఊరికి పట్టానే ముందు. చట్టం ఒకటి ఎంచుకుని ఇంకోటి వదులుకోమనలేదు, పట్టాకు ఫారం ఏ, దీనికి ఫారం సీ, రెండూ వేయొచ్చు. కానీ ఈ దరఖాస్తుల పని చూసే ఊరి అటవీ హక్కుల కమిటీలో చదువుకున్నవాళ్లు ఇద్దరే ఉండి, వాళ్లకూ కూలి పనులుంటే, ముందు దేనికి తిరగాలన్నది నిజమైన ప్రశ్నే. 2019 ఫిబ్రవరిలో దరఖాస్తులు తిరస్కారమైనవాళ్లను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు చెప్పి, అదే నెలలో ఆ ఉత్తర్వును నిలిపేసింది. ఒక్కో ఇంటి కాగితం ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో ఆ రెండు వారాలూ చూపించాయి. ఊరంతా ఒక్క హద్దుగా నిలబడ్డప్పుడు ఒక్కో ఇంటిని విడదీసి లేపడం అంత తేలిక కాదని నా నమ్మకం.

ఫారం సీ వేసే ఊరు పంచాయతీ సభను కాకుండా గూడెం సభనే పెట్టమని పట్టుబట్టాలి. సభలో సగం మందైనా ఉండాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. హద్దు నడిచే రోజు ఊళ్లో పెద్ద వయసు ఆడవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఊట ఎక్కడుందో, ఏ చెట్టు కుంకుళ్లు ఎవరు ఏరేవాళ్లో, దేవుడి కొలువు ఏ రాయి దగ్గరో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. పెద్దల వాంగ్మూలం చట్టం ఒప్పుకునే సాక్ష్యం, శాటిలైట్ పటం లేదని దరఖాస్తు కొట్టేయడానికి వీల్లేదు. పక్క గూడెం పెద్దల్నీ ఆ రోజే పిలిచి, సంతకాలు ఆ గట్టు మీదే తీసుకోండి.