దాతలకు కబురు పంపాలంటే ఏది మేలు: వాట్సాపా, ఈమెయిలా?

రెండు మూడు వందల మంది దాతలున్న చిన్న ట్రస్టుకైతే మా సలహా ఇది: కబుర్లకు వాట్సాప్, రసీదులకు ఈమెయిల్. ఒక్కటే నడిపే తీరిక ఉంటే వాట్సాపే పెట్టుకోండి. మన ఊళ్లలో ఐదొందలో వెయ్యో ఇచ్చేవాళ్లలో చాలామంది మెయిల్ రోజూ చూడరు.

అయితే వాట్సాప్‌లో ఒక చిక్కుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు, అంటే ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే జాబితాకు, 256 మంది పరిమితి సరే, అసలు సమస్య అది కాదు. మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకోనివాళ్లకు ఆ సందేశం అసలు చేరదు, చేరలేదని మీకు ఎవరూ చెప్పరు. పంపిన సందేశాన్ని నొక్కిపట్టి ఇన్ఫో తెరిస్తే ఎవరెవరికి అందిందో కనిపిస్తుంది. అందనివాళ్ల పేర్లు రాసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. అసలు మొదటి విరాళం అందిన రోజే ఇలా పంపితే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి: "నమస్తే అండీ, మీరు పంపిన 1,000 రూపాయలు అందాయి. ఈ నంబరు సేవ్ చేసుకుంటే ఆ డబ్బుతో ఏం చేశామో ఫొటోలు పంపుతాం."

బ్రాడ్‌కాస్ట్ కుదరలేదని అందరినీ ఒకే గ్రూపులో మాత్రం వేయకండి. ఒకరి నంబరు ఇంకొకరికి తెలిసిపోతుంది. నమ్మి నంబరిచ్చిన మనిషికి అది అన్యాయం.

మెయిల్‌లో లెక్క వేరు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపలేరు, చిన్న సంస్థకు అది సరిపోతుంది. ఎంతమంది తెరిచారన్న అంకెను నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యతా ఏర్పాటు తెచ్చాక, చదవకపోయినా తెరిచినట్టే నమోదవుతోంది. లింకు నొక్కినవాళ్లనూ డబ్బు పంపినవాళ్లనూ లెక్కపెట్టండి. వాట్సాప్‌కు ఒక చెల్లింపు లింకు, మెయిల్‌కు ఇంకొకటి పెడితే ఏ దారిన ఎంత వచ్చిందో నెలాఖరుకు తేలిపోతుంది.

ఇక 80జీ రసీదు, అంటే దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు కోసం ఇచ్చేది. క్యూఆర్ కోడ్‌కు డబ్బు పంపడం తేలికే గానీ, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పేరు, యూపీఐ ఐడీ, లావాదేవీ సంఖ్యకు మించి పెద్దగా ఏమీ దొరకదు. 2021–22 ఆర్థిక సంవత్సరం నుంచి దాతల వివరాలను 10బీడీ ఫారంలో ఏటా మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేయాలి, అలా చేశాకే దాతకు 10బీఈ ధ్రువపత్రం వస్తుంది. దానికి పాన్ లాంటి గుర్తింపు సంఖ్య, చిరునామా కావాలి. వీటిని ఆన్‌లైన్ ఫారంలోనే తీసుకోండి. పాన్ కార్డు ఫొటోలు చాట్‌లో తెప్పించుకుంటే అవి వలంటీర్ల ఫోన్ గ్యాలరీల్లో పోగుపడతాయి. ఆ వలంటీరు మానేసినా ఫొటోలు మాత్రం ఆ ఫోన్లోనే ఉంటాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే మెయిల్, ఫారం రెండూ తప్పనిసరి చేయండి. ఫారంలో పౌరసత్వం అడగండి. భారత పౌరుడు విదేశంలో ఉంటూ తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డున్నా, ఆ డబ్బు విదేశీ విరాళం కిందికే వస్తుంది. అప్పుడు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అనుమతి లేని సంస్థ ఆ డబ్బు తీసుకోకూడదు. ఆ అనుమతి లేకపోతే, విదేశీ పౌరుడని టిక్ పెట్టగానే చెల్లింపు లింకు కనిపించకుండా ఫారంను అక్కడే ఆపేయండి.