విండోస్ ఈవెంట్ లాగ్‌పై నిఘా: వేళకు వెళ్లి చూడటమా, కబురు అందుకోవడమా?

విశాఖ ద్వారకానగర్‌లోని ఒక ఆడిటింగ్ కార్యాలయపు విండోస్ సర్వర్‌ను చాలాకాలం ఒక చిన్న పవర్‌షెల్ స్క్రిప్టుతో కనిపెట్టుకొని ఉండేవాణ్ణి. అది ప్రతి 5 నిమిషాలకు, విండోస్ తనలో జరిగే ఘటనలను (ఈవెంట్లను) రాసుకునే ఈవెంట్ లాగ్‌లలో భద్రతకు సంబంధించిన సెక్యూరిటీ లాగ్ తెరిచి, గడిచిన 5 నిమిషాల్లో 4625 నంబరు ఈవెంట్లు, అంటే విఫలమైన లాగిన్ ప్రయత్నాలు, ఎన్ని నమోదయ్యాయో లెక్కించి మెయిల్ పంపేది. ఒక తుపాను రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, సర్వర్ ఆగిపోయింది. తెల్లవారి అది లేచాక సిస్టమ్ లాగ్‌లో అనుకోకుండా ఆగిపోయిందని చెప్పే 41, 6008 నంబర్ల ఈవెంట్లు కనిపించాయి గానీ, ఆగిపోవడానికి మూడు నిమిషాల ముందు జరిగిన విఫల లాగిన్లు మాత్రం నాకు వచ్చిన ఏ మెయిల్‌లోనూ లేవు. లాగ్‌లో అవి భద్రంగానే ఉన్నాయి. స్క్రిప్టే వాటిని దాటి వచ్చేసింది.

ఈ లోపాన్ని పోలింగ్‌లోనే, అంటే ఇలా వేళకు వెళ్లి చూసే పద్ధతిలోనే, సరిదిద్దవచ్చు. సమయాన్ని బట్టి కాక, చివరిగా చదివిన ఈవెంట్ రికార్డ్ ఐడీని (లాగ్‌లో ఆ ఈవెంట్ వరుస సంఖ్యను) ఫైలులో రాసుకొని, మరుసటిసారి అంతకంటే పెద్ద సంఖ్యలున్న వాటినే ఎక్స్‌పాత్ అనే వెతుకులాట భాషలో రాసిన ప్రశ్నతో అడగాలి. లాగ్ మొత్తం తెచ్చుకొని, ఆ తరువాత పవర్‌షెల్‌లోని వేర్-ఆబ్జెక్ట్ కమాండ్‌తో ఏరుకోవడం మాత్రం తగదు. రోజుకొక నివేదిక చాలనుకునేవారికి ఇంతకుమించి అవసరం లేదు.

వెంటనే తెలియవలసిన చోట సబ్‌స్క్రిప్షనే, అంటే కబురు అందుకునే పద్ధతే, మేలు. విస్టాతో వచ్చిన ఈవీటీ-సబ్‌స్క్రైబ్ ఫంక్షన్ గానీ, డాట్‌నెట్‌లోని ఈవెంట్‌లాగ్‌వాచర్ గానీ, మనం అడిగిన రకం ఈవెంట్ లాగ్‌లో పడగానే ప్రోగ్రాముకు కబురు పెడతాయి. అంతకన్నా విలువైనది బుక్‌మార్క్, అంటే ఎక్కడిదాకా చదివామో చెప్పే గుర్తు: దాన్ని డిస్కుపై దాచుకుంటే, కరెంటు పోయి వచ్చినా ఆగిన చోటి నుంచే చదువు కొనసాగుతుంది. ఈవీటీ-సబ్‌స్క్రైబ్‌కు స్ట్రిక్ట్ ఫ్లాగ్ (ఒక అదనపు సూచన) కూడా ఇస్తే, మధ్యలో రికార్డులు చెరిగిపోయిన పక్షంలో ఆ సంగతిని దాచకుండా ఎర్రర్‌గా చెబుతుంది. లాగ్ నిండి పాతవాటిపై కొత్తవి పడే యంత్రాల్లో ఇది ఎంతో ముఖ్యం. ఇలాగే కబురు పెట్టే డాట్‌నెట్‌లోని పాతకాలపు ఎంట్రీ-రిటెన్ జోలికి పోవద్దు. అది స్థానిక కంప్యూటరుకే పరిమితం, పైగా వెంటవెంటనే పడే ఈవెంట్లలో ప్రతిదానికీ కబురు వస్తుందన్న హామీ లేదు.

సబ్‌స్క్రిప్షన్‌కు నిత్యం నడిచే సర్వీసు కావాలి, అది ఆగిపోతే ఎవరికీ తెలియదు. అందుకే ఇప్పుడు ఆ సర్వర్‌లో వాచర్ సర్వీసు నడుస్తోందో లేదో గంటకోసారి చూసే పాత తరహా స్క్రిప్టును కూడా ఉంచాను. సర్వీసు ఖాతాకు అడ్మిన్ హక్కులు ఇవ్వలేదు, లాగ్‌లు చదివే అనుమతినిచ్చే ఈవెంట్ లాగ్ రీడర్స్ గ్రూపులో చేర్చాను. బుక్‌మార్క్‌ను మెయిల్ వెళ్లిన తరువాతే రాస్తున్నాను; ఆ రెండింటి మధ్య కరెంటు పోతే అదే హెచ్చరిక మరోసారి వస్తుంది.