ఉపగ్రహంతో గాలి కొలిచే యాప్: ఏడాది వాడాక నా మాట

అమ్మకి ఆయాసం ఉంది. సర్కారు గాలి మీటర్లు సనత్‌నగర్‌లో, జూపార్కు దగ్గర ఉన్నాయి గానీ అవెక్కడ, మా హయత్‌నగర్ ఎక్కడ. అందుకే 'ఉపగ్రహంతో మీ వీధి గాలి చెప్తాం' అన్న ఒక యాప్‌కి 900 కట్టాను. పేరు రాయను.

డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే ఆరున్నరకి యాప్ ఆకుపచ్చగా ఉంది, కింద 'నడకకి మంచి సమయం' అని కూడా ఉంది. అమ్మ వెళ్లింది. పక్క గల్లీలో ఎవరో చెత్తకి నిప్పు పెట్టారు, వెనక్కి వచ్చి మూడో మెట్టు మీదే కూలబడి 'ఇన్‌హేలర్ తేరా' అంది. ఫ్రెండ్ దగ్గర తెచ్చిన చిన్న మీటరు బాల్కనీలో పెడితే పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల్లోకి దిగిపోయే సన్న ధూళి, ఏకంగా 148. మన దేశంలో 24 గంటల సగటుకి పెట్టుకున్న హద్దే 60.

యాప్ అబద్ధం చెప్పిందా అంటే, పూర్తిగా అలా కూడా కాదు. ధూళి చూసే వీర్స్ పరికరాన్ని మోసే ఉపగ్రహాలు మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, అదీ నేల నుంచి ఆకాశం దాకా ఉన్న ధూళి మొత్తం కలిపి ఎండని ఎంత ఆపుతోందో చూస్తాయి. చలికాలం పొద్దున పొగ నేలని అంటిపెట్టుకుని మన ముక్కు దగ్గరే ఉంటుంది, ఎండెక్కాక పైకి లేచి పలచబడుతుంది, కానీ పైనుంచి చూసే దానికి రెండూ ఇంచుమించు ఒకటే. ఆ మొత్తంలో కిందెంత అన్నది వాతావరణం లెక్కలు, నేల మీటర్ల అంకెలు కలిపి వేసే అంచనా. ఆ ముక్క యాప్‌లో ఎక్కడా లేదు, నా కోపం దాని మీదే.

దీపావళి రాత్రి ఎదురింట్లో పదివేల వాలా పేలుతుంటే కూడా ఆకుపచ్చే. జులై ముసురులో తొమ్మిది రోజులు 42 దగ్గరే ఆగిపోయింది, మబ్బుంటే ఉపగ్రహానికి ధూళి కనపడదు మరి. 'మీ వీధి' అన్నది ఇంకో జోకు. సెంటినెల్-5పి అనే ఇంకో ఉపగ్రహం నైట్రోజన్ డయాక్సైడ్ (బండ్ల పొగలో వచ్చే వాయువు) కొలిచే ఒక్కో గడి 5.5 × 3.5 కిలోమీటర్లు, విజయవాడ హైవే లారీలూ మా కాలనీ వేపచెట్లూ అన్నీ అందులోనే.

నెలల సగటు మ్యాప్ మాత్రం నిజంగా బాగుంది. సిటీ నడిబొడ్డు ముదురుగా, శివార్లకొచ్చేసరికి తేలిపోతూ కనిపిస్తుంది. మా బావ అద్దె ఇల్లు వెతికేటప్పుడు అదే చూసుకున్నాడు. ఇల్లు మారేవాళ్లకి ఓకే, ఇప్పుడు బయటికెళ్లాలా వద్దా అని చూసేవాళ్లకి దండగ.

ఐదుకి రెండు. కొనేవాళ్లు ఆటో రెన్యువల్ ముందే ఆపేయండి, పోయిన వారం నాకు చెప్పాపెట్టకుండా ఇంకో 900 కట్ అయింది, మూడు మెయిల్స్ పెట్టాను, ఇంకా జవాబు లేదు.