సెప్టెంబర్ పురుళ్ల రద్దీ: పర్లాకిమిడిలో ఒక ప్రసూతి ఆసుపత్రి

మా చెల్లి పురుడు మొన్న సెప్టెంబర్‌లో పర్లాకిమిడిలోనే ఒక ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రిలో అయింది, తల్లీబిడ్డా క్షేమం. డాక్టరమ్మకి ఐదుకి ఐదు ఇస్తాను. ఆసుపత్రి నడిపే తీరుకి మాత్రం రెండే.

నొప్పులు మొదలయ్యాక తీసుకెళ్తే గది లేదన్నారు. డెలివరీ డేట్ వాళ్లే రాసుకున్నారు, అడ్వాన్స్ కూడా కట్టించుకున్నారు, అయినా చెల్లిని తెల్లారేదాకా వరండాలో మంచం మీదే ఉంచారు. పక్కన మెళియాపుట్టి వైపు నుంచి వచ్చిన అమ్మాయిదీ అదే పరిస్థితి. కౌంటర్‌లో అడిగితే "ఈ నెలల్లో ఏటా ఇంతేనండి" అన్నారు. నాకు కోపం వచ్చింది ఆ మాటకే. ఏటా ఇంతే అని తెలిసినప్పుడు ముందే ఎందుకు సర్దుకోరు?

వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. మన దేశంలో కాన్పులు ఏడాదంతా ఒకేలా ఉండవు, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఎక్కువ. కడుపు నిలిచిన రోజు నుంచి బిడ్డ పుట్టేదాకా సుమారు 266 రోజులు, సెప్టెంబర్ నుంచి వెనక్కి లెక్కేస్తే డిసెంబర్ వస్తుంది, అంటే మంచి చలికాలం. ఎండల్లో గర్భం నిలవడం తగ్గుతుంది, వీర్యకణాలు సరిగ్గా తయారవ్వాలంటే ఒంటి వేడి కంటే కొన్ని డిగ్రీలు తక్కువ ఉండాలి, పైగా అవి తయారవ్వడానికే రెండు నెలలు పైన పడుతుంది కాబట్టి మే నెల ఎండల దెబ్బ వానలు పడ్డాక కూడా ఉండొచ్చు. అమెరికాలో 1931 నుంచి 2010 దాకా లెక్కలు చూసినవాళ్లకీ బాగా వేడిగా ఉన్న రోజుల తర్వాత ఎనిమిది నుంచి పది నెలలకి పుట్టుకలు తగ్గినట్టు తేలింది, ఇళ్లల్లో ఏసీలు వచ్చాక ఆ తేడా తగ్గింది. స్వీడన్ లాంటి చలిదేశాల్లో మాత్రం పుట్టుకలు ఎక్కువగా ఉండేది మార్చి, ఏప్రిల్‌లలో, కాబట్టి అంతా ఎండ మీదే తోసెయ్యలేం.

మన దగ్గర ఆచారమూ తోడవుతుంది. ఆషాఢంలో కొత్త కోడలిని పుట్టింటికి పంపేది ఇందుకేనని మా అమ్మమ్మ చెప్పేది, అప్పుడు కడుపు నిలిస్తే కాన్పు చైత్రంలో పడుతుంది, బాలింతా పసిగుడ్డూ నడి ఎండల్లో మాడిపోతారని. ఇక సూరత్ పనులకి పోయిన మగవాళ్లు సంక్రాంతికి ఇంటికొస్తే, ఆ లెక్క అక్టోబర్ మొదట్లో తేలుతుంది.

దీనికి తోడు ముహూర్తాలు. ఆపరేషన్ తప్పదన్నవాళ్లు శ్రావణంలో మంచిరోజు చూసి పెట్టమంటారు, మహాలయ పక్షాల్లో వద్దంటారు, దాంతో ఉన్న రద్దీ అంతా కొన్ని రోజుల మీదే పడుతుంది. ఈ విషయంలో డాక్టరమ్మని మెచ్చుకోవాలి. మావగారి వాళ్లు ముహూర్తం కాగితం పట్టుకొస్తే, బిడ్డ తల కిందకే ఉంది, ఉమ్మనీరు సరిపడా ఉంది, నొప్పులు రానివ్వండి అని నెమ్మదిగా చెప్పి పంపేశారు, అంత రద్దీలో కూడా తొందరపడి కొయ్యలేదు. సిస్టర్లకి తెలుగు, ఒడియా, సవర మూడూ వచ్చు, గుమ్మ నుంచి వచ్చిన ఒక తల్లికి ఆమె భాషలోనే ధైర్యం చెప్తుంటే చూశాను. బాత్‌రూంలు ఫర్వాలేదు, వేడినీళ్లు ఉదయం మాత్రమే వస్తాయి. బిల్లు చెప్పినంతే వేశారు.

యాజమాన్యం వాళ్లు చదివితే నేను అడిగేది ఒక్కటే, ఆ మూడు నెలలకీ నాలుగు మంచాలు, రాత్రి పూట ఇంకో సిస్టర్, అంతే. మీ దగ్గర పాత రిజిస్టర్లు ఉన్నాయి కదా, ఏ నెలలో ఎన్ని కాన్పులో వాటిలోనే ఉంటుంది.

డెలివరీ డేట్ ఆగస్టు, అక్టోబర్ మధ్యలో పడినవాళ్లు ఏడో నెలలోనే గది మాట్లాడుకుని, రసీదు మీద గది నంబర్ వేయించుకోండి. వెయ్యనంటే జిల్లా ఆసుపత్రిలో కూడా ముందే పేరు రాయించి, చూపించుకున్న కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి ఉంచుకోండి.