బీఈడీ కాలేజీకి న్యాక్: ప్రక్రియ ఎలా ఉంది, ఎక్కడ చిక్కుపడుతుంది

ఉపాధ్యాయ విద్యా సంస్థల కోసం న్యాక్ (ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) విడిగా ఒక మాన్యువల్ ఇవ్వడం ఈ వ్యవస్థలో జరిగిన మంచి పని. డిగ్రీ కాలేజీని, బీఈడీ కాలేజీని ఒకే మానికతో కొలవలేం. ఇక్కడ అడగాల్సిన అసలు ప్రశ్న వేరు: మీ దగ్గర చదివినవాళ్లు తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పగలరా, ఆ సంగతి మీకెలా తెలిసింది? మాన్యువల్ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ప్రశ్నల వరకు దీనికి నిండుగా మార్కులు వేయవచ్చు. సాక్ష్యాలు అడిగే తీరు మాత్రం కఠినం. ఏ రోజు పని ఆ రోజు రాసిపెట్టుకోని కాలేజీ ఎంత బాగా పాఠాలు చెప్పినా ఇక్కడ తేలిపోతుంది.

2017లో సవరించిన పద్ధతిలో మెట్లు ఇవి. కనీసం రెండు బ్యాచ్‌లు బయటికి వెళ్లి ఉండాలి, లేదా కాలేజీ పెట్టి ఆరేళ్లు గడిచి ఉండాలి. ముందు ఐఐక్యూఏ, అంటే అర్హత దరఖాస్తు. అది ఆమోదం పొందిన రోజు నుంచి 45 రోజుల్లో ఎస్‌ఎస్‌ఆర్, అంటే కాలేజీ తన గురించి తానే రాసుకునే నివేదిక, ఎక్కించాలి. అంకెలతో తేలే అంశాలు డీవీవీకి, అంటే ఇచ్చిన డేటాను కాగితాలతో సరిచూసే పరిశీలనకు వెళ్తాయి, విద్యార్థుల సంతృప్తి సర్వే జరుగుతుంది, ఆ తర్వాత పీర్ టీమ్ (కాలేజీని అంచనా వేసే బయటి నిపుణుల బృందం) వంతు. ఏడు ప్రమాణాలకు కలిపి 1000 మార్కులు. అవి 4 పాయింట్ల సీజీపీఏగా మారతాయి. 3.51 లేదా అంతకన్నా ఎక్కువైతే ఏ డబుల్ ప్లస్, 1.50 లేదా అంతకన్నా తక్కువైతే గుర్తింపు లేదు. వచ్చిన గ్రేడు మామూలుగా ఐదేళ్లు చెల్లుతుంది.

కాలేజీలు ఎక్కువగా దెబ్బతినేది ఆ 45 రోజుల దగ్గరే. గడువు ఉందన్న ధైర్యంతో ముందు ఐఐక్యూఏ పంపి, ఆ తర్వాత ఫైళ్లు వెతకడం మొదలుపెడతారు. ఎస్‌ఎస్‌ఆర్ అడిగేది పూర్తయిన ఐదు విద్యా సంవత్సరాల లెక్క. ఐదేళ్ల కిందటి వర్క్‌షాప్ హాజరు పట్టీని ఎవరూ 45 రోజుల్లో పుట్టించలేరు, పుట్టించకూడదు కూడా. డేటా టెంప్లేట్లన్నీ నిండి, ప్రతి అంకె వెనకా కాగితం స్కాన్ అయి, కాలేజీ వెబ్‌సైట్‌లో లింకులు తెరుచుకుంటున్నాయని ఇంకొకరి కంప్యూటర్‌లో చూసుకున్నాకే ఐఐక్యూఏ పంపాలి. ఆ 45 రోజులను తప్పులు దిద్దుకోవడానికి మాత్రమే ఉంచుకోవాలి.

మాన్యువల్‌లో బాగా ఆలోచించి రాసిన భాగం ఇంటర్న్‌షిప్‌ది. ఉపాధ్యాయ విద్యను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీలో కనీసం 20 వారాలు పాఠశాలలో గడపాలి: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. వారానికి ఆరు రోజుల లెక్కన 16 వారాలంటే 96 పనిదినాలు, అందులో 90 శాతం అంటే కనీసం 87 రోజులు. న్యాక్ అక్కడితో ఆగదు. ఒక్కో బడికి ఎంతమందిని పంపారు, వాళ్లు అక్కడ పాఠం చెప్పడమే కాక టైమ్‌టేబుల్ తయారీ, తల్లిదండ్రుల సమావేశం, మూల్యాంకనం, ప్రోగ్రెస్ రిపోర్టుల్లో పాలుపంచుకున్నారా, వాళ్ల పనిని బడి టీచరు, హెడ్‌మాస్టరు, తోటి ఇంటర్న్‌లు ఎలా అంచనా వేశారు అని అడుగుతుంది. నిజంగా బోధన నేర్పే కాలేజీ ఏదో, పాఠ్యప్రణాళిక రికార్డులు కాపీ కొట్టించే కాలేజీ ఏదో ఈ ప్రశ్నల దగ్గరే విడిపోతాయి.

దీనికి ప్రణాళిక వేసేటప్పుడు కాలేజీ క్యాలెండర్ కాదు, బడి క్యాలెండర్ ముందు పెట్టుకోవాలి. మన బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. మధ్యలో దసరా, సంక్రాంతి సెలవులు, సమ్మేటివ్ పరీక్షలు వస్తాయి. జూలై మొదటి వారంలో పంపితే దసరా సెలవులు కలిసినా నవంబరు చివరికల్లా 96 రోజులు పూర్తవుతాయి. దసరా తర్వాత పంపితే సంక్రాంతి అడ్డుపడుతుంది, ఆపైన పదో తరగతికి రివిజన్ మొదలై హెడ్‌మాస్టర్లు ఇంటర్న్‌లకు పీరియడ్లు ఇవ్వరు. అప్పుడు హాజరు కాగితం మీద ఉంటుంది, బోధన ఉండదు. వందమంది విద్యార్థులున్న కాలేజీలో బడికి పదిమంది చొప్పున పది బడులు కావాలి. డీఈఓ (జిల్లా విద్యాధికారి) అనుమతి ఉత్తర్వు, బడికీ కాలేజీకీ మధ్య ఒప్పందం, ఇంటర్న్‌ల జాబితా, పర్యవేక్షించే అధ్యాపకుడి సందర్శన డైరీ, చివర హెడ్‌మాస్టర్ ధ్రువపత్రం: ఒక్కో బడికి ఈ ఐదూ ఒకే ఫైల్లో, అదే ఏడాది చేరాలి.

హెడ్‌మాస్టర్లు ఇచ్చే ధ్రువపత్రాలు చాలావరకు తెలుగులోనే ఉంటాయి. డీవీవీకి ఇంగ్లిష్ అనువాదం జతచేసి, ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర వేసి పంపాలి. ఇది మరిచిపోతే సరైన కాగితం ఉండి కూడా ఆ అంశం సున్నాకు పడవచ్చు. తెలుగు జిల్లాల కాలేజీలకు ఇది అదనపు భారమే.

డీవీవీలో తిరస్కరణకు గురయ్యేవి దాదాపు ఒకే రకం. తేదీ, స్థలం పడని ఫొటోలు. కార్యక్రమం పేరు, తేదీ లేని హాజరు పట్టీలు. ఆడిట్ నివేదిక మొత్తం ఎక్కించి, పుస్తకాల ఖర్చు ఏ పద్దులో ఉందో గుర్తుపెట్టకపోవడం. చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం లేని ఖర్చుల పట్టిక. టెట్ పాసైనవాళ్ల పేర్లు జాబితాలో ఉండి మార్కుల మెమోలు లేకపోవడం. అన్నిటికన్నా ప్రమాదకరమైనది అంకెలు పొసగకపోవడం. ఏఐఎస్‌హెచ్‌ఈలో (కేంద్రం ఏటా చేసే ఉన్నత విద్యా సర్వే) 14 మంది అధ్యాపకులు, ఎన్‌సీటీఈకి పంపిన పనితీరు నివేదిక పీఏఆర్‌లో 16, ఎస్‌ఎస్‌ఆర్‌లో 15 అని ఉంటే ఏ సంజాయిషీ నిలవదు. వంద సీట్లకు ఎన్‌సీటీఈ అడిగేది 16 మందిని కాబట్టి ఆ ఒక్క అంకె మీద అందరి కన్నూ ఉంటుంది. ఏడాదికోసారి ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజున్న విద్యార్థులు, అధ్యాపకులు, కంప్యూటర్లు, పుస్తకాల లెక్క ఒకే పట్టికలో రాసి ప్రిన్సిపాల్ సంతకం చేయాలి. తర్వాత ఏ సంస్థ అడిగినా ఆ పట్టిక నుంచే అంకె వెళ్లాలి.

యూనివర్సిటీ విద్యా కళాశాలల్లో ఇంకో చిక్కుంది. జీతాలు, నియామకాలు, కొనుగోళ్ల కాగితాలు రిజిస్ట్రార్, ఫైనాన్స్ ఆఫీసుల్లో ఉంటాయి, ఆడిట్ విశ్వవిద్యాలయం మొత్తానికి జరుగుతుంది. కాలేజీ వాటా ఖర్చు విడదీసి ఇవ్వమని ఆడిట్ ముగిసిన నెలలోనే లేఖ రాయాలి. మూడేళ్ల తర్వాత అడిగితే ఆ సెక్షన్‌లో మనిషే మారిపోయి ఉంటాడు.

విద్యార్థుల సర్వే విషయంలో అంత కంగారు అక్కర్లేదు. 20 బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఒక అభిప్రాయ ప్రశ్న. కావాల్సిందల్లా పనిచేసే ఈమెయిల్ చిరునామాలు. అడ్మిషన్ రోజు నెట్ సెంటర్‌వాళ్లు సృష్టించిన మెయిల్ పాస్‌వర్డ్ విద్యార్థికి తెలియదు. ఎడ్‌సెట్ కౌన్సెలింగ్ అయి తరగతులు మొదలైన వారంలోనే మెయిళ్లు సరిచూస్తే సరిపోతుంది.

కాలేజీలో నాణ్యత వ్యవహారాలు చూసే అంతర్గత విభాగం ఐక్యూఏసీ గురించి చెప్పాలంటే, రూపకల్పన బాగుంది, ఆచరణ బలహీనం. మూడు నెలలకోసారి సమావేశం, మూడింట రెండు వంతుల కోరం, విద్యార్థి, పూర్వ విద్యార్థి, స్థానిక ప్రతినిధి ఉండాలన్న నియమాలు సబబైనవే. కానీ చాలాచోట్ల సమన్వయకర్తకు బోధన భారం తగ్గించరు, ఒక గుమాస్తానూ ఇవ్వరు. పూర్తి టైమ్‌టేబుల్‌తో పాటు ఈ పనీ నెత్తిన పెడితే ఆ మనిషి మినిట్స్ రాయగలడు గానీ, గత సమావేశంలో తీసుకున్న నిర్ణయం ఏమైందో వెంటపడి చూడలేడు. పీర్ టీమ్ మినిట్స్‌లో చూసేది సరిగ్గా ఆ కొనసాగింపునే. వారానికి కనీసం ఆరు పీరియడ్లు ఆయనకు తగ్గించడం ప్రిన్సిపాల్ చేయగల మేలైన పెట్టుబడి.

ఎస్‌ఎస్‌ఆర్ రాసిపెడతామనే ప్యాకేజీలు బజారులో బోలెడున్నాయి. టెంప్లేట్ల పొందిక, లింకుల సర్దుబాటు, భాష దిద్దడం వరకు వాళ్ల సాయం తీసుకోవచ్చు. వివరణాత్మక జవాబులు మాత్రం వాళ్లతో రాయించకూడదు. పీర్ టీమ్ నేరుగా వచ్చినా, తెర మీద మాట్లాడినా, ‘మీ మెంటరింగ్ ఎలా జరుగుతుంది?’ అని అధ్యాపకుణ్ణి అడిగినప్పుడు రాసిన మాటకూ చెప్పిన మాటకూ పొంతన ఉండాలి.

గ్రేడ్ల బదులు ‘గుర్తింపు ఉంది, లేదు’ అనే బైనరీ పద్ధతికి మారుతామని న్యాక్ 2024 జనవరిలో ప్రకటించింది. ఆ కారణంతో ఫైళ్ల పని ఆపిన కాలేజీలు పొరపాటు చేస్తున్నట్టే. కొలత మారినా ఇంటర్న్‌షిప్ హాజరు, ఆడిట్, టెట్ ఫలితాలు అడగని పద్ధతి రాదు. ఒకసారి గ్రేడు పొందిన కాలేజీకి ఏటా ఏక్యూఏఆర్ (న్యాక్‌కు పంపే వార్షిక నాణ్యతా నివేదిక) పని ఎలాగూ ఉంది. దాన్ని డిసెంబరు 31 దాకా లాగకుండా, ఇంటర్న్‌లు బడుల నుంచి తిరిగొచ్చిన వారంలోనే ఆ భాగం నింపేస్తే మిగిలింది లైబ్రరీ, అకౌంట్ల లెక్కలే.