ఫొటోల కెమెరాతో వణకని వీడియో: కెనాన్ 700డీ, పదేళ్ల వాడకం తర్వాత

2014లో ఫొటోల కోసమే కొన్న కెనాన్ 700డీ ఇంకా నా దగ్గరే ఉంది. ఫొటోలకు వంక పెట్టడానికి లేదు. వీడియోలో వణుకు పోగొట్టడానికి మాత్రం చాలా ఏళ్లు తిప్పలు పడ్డాను.

వీడియో మోడ్‌లోకి మార్చగానే లోపలి అద్దం పైకి లేచిపోయి, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ చీకటైపోతుంది. ఫొటో తీసేటప్పుడు కెమెరాను నుదుటికి ఆనించుకుంటాం కదా, ఆ ఆసరా అక్కడితో పోతుంది. లెన్స్‌తో కలిపి ముప్పావు కిలో దాటే బరువును ముందుకు పట్టుకుని స్క్రీన్ చూస్తూ నిలబడాలి. బాడీలో స్టెబిలైజేషన్, అంటే వణుకును తగ్గించే ఏర్పాటు, లేదు. ఉన్నదంతా లెన్స్‌లోనే, దాన్నే ఐఎస్ అంటారు. అందుకే కిట్‌తో వచ్చే 18-55 ఐఎస్ ఎస్‌టీఎమ్ జూమ్ లెన్స్‌ను ఎంతమంది తీసిపారేసినా వీడియోకి నేను నమ్ముకున్నది దాన్నే.

జూమ్ లేని 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్‌తో బొమ్మ అందంగా వస్తుంది, నిజమే. కానీ దానికి ఐఎస్ లేదు, పైగా ఈ కెమెరా చిన్న సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) మీద 80 ఎంఎం లెన్స్ చూపినంత దగ్గరగా చూపిస్తుంది, ఊపిరి తీసుకున్నా ఫ్రేమ్ కదులుతుంది. మా చెల్లి పెళ్లిలో జీలకర్ర బెల్లం దాంతోనే తీశాను. ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టిన ఆ కాసేపూ తెర ఊగుతూనే ఉంటుంది, ఇప్పటికీ చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఎడిటింగ్‌లో సరిచేద్దామని కూర్చుంటే ఊపు తగ్గింది గానీ అంచులు తెగిపోయాయి, 1/50 సెకను షట్టర్‌లో పడ్డ మసక అలాగే ఉండిపోయింది, వెనక మండపం స్తంభాలు జెల్లీలా మెలికలు తిరిగాయి. సెన్సర్ బొమ్మను ఒక్కసారిగా కాక వరసవరసగా చదువుతుంది, ఆ వంకర తర్వాత సరిచేయడం చాలా కష్టం.

తర్వాత మోటార్లతో కెమెరాను నిలకడగా ఉంచే గింబల్ కొన్నాను, కంపెనీ పేరు వద్దులెండి. జూమ్ కొంచెం తిప్పినా, స్క్రీన్ పక్కకు తెరిచినా బ్యాలెన్స్ పోయేది. ఏడాది తిరక్కుండానే ఒక మోటారు పోయింది.

చివరికి అక్కరకొచ్చింది కెమెరాతో పాటు ఇచ్చిన మెడ పట్టీ. దాన్ని పొట్టి చేసి మెడలో వేసుకుని, పట్టీ బిగుసుకునేదాకా కెమెరాను ముందుకు నెట్టి, మోచేతులు డొక్కలకు ఆనించండి. ఒకవైపు మెడ, రెండు వైపులా చేతులు లాగి పట్టుకుంటాయి, ఐఎస్ ఆన్‌లో ఉంటే మిగిలిన చిన్న వణుకు కూడా పోతుంది. జూమ్‌ను అన్నిటికన్నా వెడల్పుగా చూపే 18 దగ్గరే ఉంచి, దగ్గరగా కావాలంటే రికార్డింగ్ ఆపి నేనే దగ్గరికి వెళ్తాను. నడుస్తూ మాత్రం తీయను, అడుగు అదురు ఐఎస్‌కు లొంగదు.

పోయిన సద్దుల బతుకమ్మకి హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర ఇలాగే నిలబడి 720పీ నాణ్యతలో సెకనుకు 50 ఫ్రేములతో తీసి, 25కి మార్చి సగం వేగంతో చూశాను. వంగి చప్పట్లు కొడుతున్న ఒక పెద్దావిడ చేతి గాజులు మణికట్టు నుంచి జారి మళ్లీ వెనక్కి వెళ్లడం కూడా స్పష్టంగా కనిపించింది. 1080పీ అంత షార్ప్‌గా ఉండదు, అయినా నాకు ఇదే నచ్చింది. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు మాత్రం ఐఎస్ ఆపేయండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు లెన్స్ మీద ఐఎస్ అని రాసి ఉందో లేదో చూసి మరీ డబ్బులివ్వండి, అది లేని 18-55లు కూడా మార్కెట్లో ఉన్నాయి.