పాత పెంకుటింటికి చవక ఇన్సూరెన్సా? డబ్బు కట్టేముందు షెడ్యూలు కాయితం చదవండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పాత ఇళ్ళున్నవాళ్ళకి హెచ్చరిక. "ఇంటికీ సామానుకీ కలిపి ఏడాదికి వెయ్యి లోపే, ఆధార్ కార్డూ ఇంటి పన్ను రసీదూ ఇస్తే చాలు" అని ఎవరైనా పాలసీ చేయిస్తామంటే కాస్త ఆగండి. ఇంటి బీమా మామూలుగానే చవక, అందులో అనుమానపడాల్సిందేమీ లేదు. కానీ అరవై ఏళ్ళ ఇంటికి కొత్త ఫ్లాటుకి పడినంతే పడిందంటే, ఇంటి వయసో, కప్పో, కొలతో మార్చి రాశారేమో చూసుకోవాలి. ఇల్లు, కప్పు, సొమ్ము వివరాలుండే పాలసీ కాయితమే షెడ్యూలు. గాలివానకి పెంకు లేచిపోయాక సర్వేయరు (నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే మనిషి) చేతిలో ఉండేది ఆ కాయితం. ఏజెంటు నోటితో చెప్పినదాన్ని అప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మన వైపు ఇల్లు ఒకటి తీసుకుందాం. ముందు నడవ, రెండు గదులు బెంగుళూరు పెంకు. గోడలు సున్నంతో కట్టిన ఇటుక. వెనక వంటింటికి తరవాతెప్పుడో వేసిన శ్లాబు. దొడ్లో స్నానాల గదికి సిమెంటు రేకు. షెడ్యూల్లో మాత్రం "ఆర్‌సీసీ శ్లాబు, వయసు 15 ఏళ్ళు" అని ఉంటుంది. ఎందుకంటే పాత ఇల్లు అని రాస్తే చాలా కంపెనీలు పరిశీలనకి మనిషిని పంపిస్తాయి, ఫొటోలు అడుగుతాయి, ఒక్కోసారి పై ఆఫీసు అనుమతి కావాలంటాయి. ఏజెంటుకి అదంతా ఆలస్యం. క్లెయిము వేళ ఆ రెండు మాటలే "నిజం దాచారు" అన్న అభ్యంతరం అవుతాయి.

తమాషా ఏమిటంటే ఈ అబద్ధం అవసరమే లేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ అమ్మాల్సిన ప్రామాణిక పాలసీ భారత్ గృహ రక్ష. అందులో కచ్చా కట్టడం అంటే గోడలుగానీ కప్పుగానీ చెక్క పలకలు, ఆకు, గడ్డి, వెదురు, టార్పాలిన్ లాంటివాటితో ఉన్నది. ఇటుక గోడ మీద పెంకు ఆ లెక్కలోకి రాదు. కాబట్టి "ముందు భాగం పెంకు, వెనక శ్లాబు, దొడ్లో రేకు, కట్టిన ఏడాది సుమారుగా ఇంత" అని రాయించండి. తాటాకు పందిరి గోడకి ఆనించి ఉంటే అదీ చెప్పండి. మట్టి గోడలైతే కంపెనీ ఒప్పుకున్నట్టు మెయిల్లో తీసుకోండి, ఫోన్లో సరేనన్న మాట పనికిరాదు.

ఇక సొమ్ము సంగతి. బీమా చేసేది కట్టడానికి, స్థలానికి కాదు. నడిబజారులో స్థలంతో కలిపి ఇల్లు 60 లక్షలు పలకవచ్చు. గోడలూ కప్పూ కూలితే స్థలం ఎక్కడికీ పోదు. లెక్క ఇది: కార్పెట్ ఏరియా, అంటే గోడల మందం పోను లోపలి నేల కొలత, ఇంటూ ఈరోజు అదే ఇల్లు మళ్ళీ కట్టడానికయ్యే ఖర్చు. 1,200 చదరపు అడుగులు, అడుగుకి 1,800 అనుకుంటే 21,60,000. రేటు వెయ్యికి 40 పైసలనుకుందాం (కంపెనీని బట్టి, చోటుని బట్టి మారుతుంది): ప్రీమియం 864, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,020 రూపాయల దాకా. అదే 60 లక్షలకి రాస్తే 2,832. అదనంగా కట్టిన 1,812 రూపాయలు మట్టిలో పోసినట్టే, కట్టడానికయ్యే ఖర్చుని మించి ఎవరూ ఇవ్వరు. పాత ఇంటి గోడలు మందం, ఒకటిన్నర ఇటుక ఉంటాయి. బయటి కొలత పట్టుకుంటే విస్తీర్ణం ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి టేపు లోపల పెట్టి కొలవండి. టేకు వాసాలు మళ్ళీ టేకుతోనే వేయాలంటే అడుగు ఖర్చు పెరుగుతుంది, అది ముందే కలుపుకోండి.

తక్కువ రాయించడం ఇంకో ముప్పు. మామూలు పాలసీల్లో సగటు నిబంధన ఉంటుంది, అంటే ఎంత తక్కువ రాయిస్తే నష్టపరిహారానికీ అదే దామాషాలో కోత. 20 లక్షల ఇంటికి 10 లక్షలే రాయించి, 4 లక్షల నష్టం జరిగితే చేతికొచ్చేది 2 లక్షలే. భారత్ గృహ రక్షలో ఈ కోత లేదు, ఇంటి వివరాలు నిజంగా ఇచ్చినంతవరకు. అందుకే పాలసీ పేరు ముందు చూడండి. "హోమ్ ప్రొటెక్ట్" లాంటి పేర్లన్నీ ఒకటే అనుకోవద్దు.

బ్యాంకు లోనుతో వచ్చిన పాలసీని విడిగా చూడాలి. "ఇన్సూరెన్సు కట్టించారు కదా" అని నిశ్చింతగా ఉన్న చాలా ఇళ్ళలో ఆ కాయితం లోను తీసుకున్నవాళ్ళ ప్రాణానికి చేసిన బీమా. ఇంటికి పైసా లేదు. ఇంటికే ఉన్నా, కొన్నిసార్లు మిగిలిన బాకీ మేరకే ఉంటుంది.

చిరునామా గడి ఒడిశా సరిహద్దు ఇళ్ళకి ప్రత్యేకమైన చిక్కు. ఏజెంటు ఇచ్ఛాపురంలోనో శ్రీకాకుళంలోనో ఉంటాడు, ఆధార్ అక్కడి అడ్రసుతోనే ఉంటుంది. కేవైసీ (గుర్తింపు కాయితాల) చిరునామాని అలాగే ఆస్తి ఉన్న చోటు గడిలోకి దించేస్తే పర్లాకిమిడి ఇంటికి బీమా లేనట్టే. షెడ్యూల్లో 532312 అని కనిపిస్తే అది ఇచ్ఛాపురం పిన్ను, పర్లాకిమిడిది 761200. పట్టా తాతగారి పేరు మీదే ఉండిపోయినా ఇబ్బందే. రికార్డు ఒడియాలో, ఆధార్ ఇంగ్లీషులో, ఇంటిపేరు మూడు రకాలుగా ఉంటుంది. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కాకపోతే వారసత్వ సర్టిఫికెట్టూ, మీ పేరున కట్టిన పన్ను రసీదులూ ముందే ఒకచోట పెట్టుకోండి. ఆ ఇంటి మీద మీకు హక్కుందని చూపించలేకపోతే క్లెయిము అక్కడే ఆగుతుంది.

అసలు గొడవ ఎక్కువగా జరిగేది వాసం దగ్గర. తుపాను, వరద, పిడుగు, అగ్ని, భూకంపం, కొండచరియలు పాలసీలో ఉన్నాయి. అరుగుదల, చెదలు, ఏళ్ళ తరబడి దిగిన చెమ్మ లేవు. సర్వేయరు నిచ్చెనెక్కి చూసేది వాసం గోడలో దిగే చోటు. స్క్రూడ్రైవరు మొనతో పొడుస్తాడు. ఠంగుమంటే గాలి దెబ్బ. మొన అంగుళం లోపలికి దిగి పొడి రాలితే చెద అని రాస్తాడు, పెంకుకి ఇచ్చి కప్పు కర్రకి కోత పెడతాడు. గోడ మీద చెమ్మ కూడా అంతే: ఒక్క ఎత్తులో గీత గీసినట్టు మరక ఉంటే వరద నీరు, కింద నుంచి పొరలు పొరలుగా సున్నం ఊడిపోతే పాత చెమ్మ. అందుకని ఏటా వానలకి ముందు పెంకు నెయ్యించినప్పుడు వాసాల కొనలు, దూలం, చూరు ఫొటోలు తీసి తారీఖుతో దాచుకోండి. చెదల మందు కొట్టించిన బిల్లు, వడ్రంగికి ఇచ్చిన డబ్బు రసీదు పారేయకండి. పెంకుటింటికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

మహేంద్రతనయ, వంశధార ఒడ్డున ఉన్నవాళ్ళు ఒక తేడా గమనించాలి. వరద నీరు ఇంట్లోకొస్తే పాలసీ ఇస్తుంది. ఒడ్డు కోసుకుపోయి పునాది జారితే ఇవ్వదు, నదీ కోత మినహాయింపుల్లో ఉంది. బరంపురం పాత వీధుల్లో ఉమ్మడి గోడల ఇళ్ళకి ఇలాంటిదే ఇంకొకటి: పక్కవాళ్ళు ఇల్లు పడగొట్టి పిల్లర్లకి గోతులు తవ్వితే మీ గోడ చీలుతుంది. తవ్వకం వల్ల నేల కుంగితే అదీ మినహాయింపే. అలాంటప్పుడు పక్కవాళ్ళు పని మొదలుపెట్టకముందే గోడ ఫొటోలు తీసి, నష్టపరిహారం మాట వాళ్ళతో రాయించుకోవాలి.

సామాను విషయం. భారత్ గృహ రక్షలో ఇంటికి రాయించిన దాంట్లో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంటి సామానుకి దానంతటదే వస్తుంది. పై లెక్క ప్రకారం 4,32,000. నగలు, వెండి ఇందులో రావు, విడిగా విలువ ఒప్పుకుని చేర్పించాలి. నగదు, బంగారు బిస్కెట్లు, దస్తావేజులు అసలే రావు. దొంగతనం గురించి చెప్పేటప్పుడు ఏజెంట్లు మాట దాటేస్తారు: తుపానో అగ్నిప్రమాదమో జరిగిన 7 రోజుల్లోపు పోయిన సామానుకే ఈ పాలసీ. ఊరెళ్ళినప్పుడు తాళం పగలగొట్టి పట్టుకుపోతే విడిగా బర్గ్లరీ విభాగం ఉండాలి.

ఫ్రిజ్‌లో షార్ట్ సర్క్యూట్ అయితే ఆ ఫ్రిజ్‌కి రాదు, దాని నుంచి మంట లేచి మిగతావి కాలితే వాటికి వస్తుంది. పాత చెక్క పట్టీల వైరింగు, కిట్‌క్యాట్ ఫ్యూజులు ఉన్నచోట ఏసీ పెట్టకముందు ఎంసీబీలు (లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్చులు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు), సరైన ఎర్తింగు వేయించి ఎలక్ట్రీషియన్ బిల్లు ఉంచుకోండి.

ఇంట్లో పట్టు మగ్గం ఉన్నా, అప్పడాలో ఆవకాయో పెట్టి అమ్ముతున్నా ఏజెంటుకి చెప్పి తీరాలి. అమ్మకానికుంచిన పట్టు, నూనె డబ్బాలు ఇంటి సామాను కాదు. వాటికి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని వేరే పాలసీ ఉంది. పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో ఉండి ఇల్లు నెలల తరబడి తాళం పడే ఉంటే అదీ రాతపూర్వకంగా తెలియజేయండి. 30 రోజులు దాటిన ఖాళీ ఇంటికి చాలా పాలసీల్లో షరతులుంటాయి.

కొనే కాలం కూడా ముఖ్యమే. ఫైలిన్ తుపాను ఒడిశా గోపాలపురం (గోపాల్‌పూర్) దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న, తిత్లీ పలాస దగ్గర దాటింది 2018 అక్టోబరు 11న. దసరా సందడిలో పాలసీ గుర్తుకొస్తే ఆలస్యమే. ప్రీమియం కంపెనీకి చేరాకే బీమా మొదలవుతుంది, ఏజెంటు జేబులో ఉన్నంతసేపు కాదు. చెక్కో ఆన్‌లైనో కంపెనీ పేరునే కట్టండి.

తప్పు షెడ్యూలు ఇప్పటికే చేతిలో ఉంటే ఈరోజే మెయిలు పెట్టి సవరణ అడగండి. కాదంటే రద్దు చేసుకోవచ్చు. ఏడాది పాలసీలో క్లెయిము లేకపోతే మిగిలిన రోజుల ప్రీమియం తిరిగివ్వాలి.

నష్టం జరిగితే అదే రోజు కంపెనీకి ఫోను, మెయిలు రెండూ. టార్పాలిన్ కప్పకముందే ఫొటోలు తీయండి, తీశాక ఆగకుండా కప్పించండి. కప్పకుండా వదిలేసి సామాను తడిస్తే ఆ తప్పు మీ మీదకొస్తుంది. పగిలిన పెంకు, విరిగిన వాసం సర్వేయరు చూసేదాకా దొడ్లోనే ఉంచండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం 24 గంటల్లో సర్వేయర్ని వేయాలి, 15 రోజుల్లో నివేదిక రావాలి, ఆ తర్వాత 7 రోజుల్లో తేల్చాలి. కోత పెడితే సర్వే నివేదిక కాపీ రాతపూర్వకంగా అడగండి.

రెండు వారాల్లో కంపెనీ జవాబివ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లోగానీ 155255 నంబరులోగానీ ఫిర్యాదు పెట్టండి. నెల రోజుల్లో తేలకపోతే ఆపైన బీమా అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తీర్చే అధికారి). కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్ళాలి, 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఒడిశాలో ఇల్లున్నవాళ్ళకి ఆ ఆఫీసు భువనేశ్వర్‌లో ఉంది. పాలసీ ఆంధ్ర వైపు శాఖ ఇచ్చి ఉంటే హైదరాబాదు ఆఫీసుకీ రాయవచ్చు, తెలుగులో మాట్లాడుకోవాలంటే అదే సుఖం.